సగత్ సింగ్: ఆదేశం వెనుక ఉద్దేశాన్ని చదివిన సేనాని

మీ ప్రశ్న సారాంశం ఇది: "సైన్యంలో అధికారిగా చేరాలనుకుంటున్నాను. నాయకత్వం అనగానే అందరం మానెక్షా పేరే చెబుతాం. యుద్ధభూమిలో దళాలను నడిపిన ఒక కమాండర్ జీవితాన్ని లోతుగా చదవాలంటే ఎవరిని ఎంచుకోవాలి? ఎందుకు?"

నేను పదాతి దళంలో పనిచేశాను. ఆ తరువాత చాలాకాలం యువ అధికారులకు యుద్ధ చరిత్ర బోధించాను. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను చెప్పే పేరు ఒక్కటే: లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్. మానెక్షా గొప్పతనం వేరు. 1971 యుద్ధంలో సైన్యాధిపతిగా ఆయన ఢిల్లీలో కూర్చుని ప్రభుత్వాన్ని, మూడు దళాలను, కాలాన్ని ఒక తాటి మీదికి తెచ్చారు. సగత్ సింగ్ నేల మీద నిలబడి పనిచేసిన మనిషి. 1961లో గోవా, 1967లో సిక్కిం సరిహద్దులోని నాథూ లా కనుమ, 1971లో తూర్పు బెంగాల్‌లోని మేఘ్న నది. ఈ మూడు చోట్లా పైవాళ్లు ఆయనకు అప్పగించిన పని చిన్నది, ఆయన చేసి చూపించింది పెద్దది. ఒక్కసారి జరిగితే అదృష్టం అనుకోవచ్చు. మూడు వేర్వేరు భూభాగాల్లో, ముగ్గురు వేర్వేరు ప్రత్యర్థుల మీద జరిగిందంటే అది ఆ మనిషి పని పద్ధతి. ఆ పద్ధతిని అర్థం చేసుకోవడమే మీకు కావలసింది.

ఆయన 1919లో అప్పటి బికనీర్ సంస్థానంలో, ఇప్పటి రాజస్థాన్‌లోని చూరు ప్రాంతంలో పుట్టారు. సంస్థానం సైన్యమైన గంగా రిసాలాలో మొదట నాయక్‌గా చేరారు. అంటే నేరుగా అధికారి హోదాతో రాలేదు, సిపాయిల వరుసలో నిలబడి పైకి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పశ్చిమాసియాలో పనిచేశారు. స్వాతంత్ర్యం తరువాత సంస్థానాల సైన్యాలు భారత సైన్యంలో కలిసినప్పుడు మూడో గూర్ఖా రైఫిల్స్‌కు వచ్చి, అందులో బెటాలియన్లకు నాయకత్వం వహించారు. సంస్థానాల సైన్యాల నుంచి వచ్చినవాళ్లను ఆ రోజుల్లో కాస్త తక్కువగా చూసేవారు. ఆ చూపును దాటుకుని పైకి రావడం సులువైన పని కాదు.

1961లో ఆయనకు 50వ పారాచూట్ బ్రిగేడ్ అప్పగించారు. అప్పటికి ఆయన పారాట్రూపర్ కాదు, వయసు నలభై దాటింది. విమానం నుంచి దూకని బ్రిగేడియర్‌ను ఎర్రటోపీ పెట్టుకున్న జవాను తన మనిషిగా ఒప్పుకోడు. ఆయన ఆగ్రాలో శిక్షణ తీసుకుని, కుర్ర జవాన్లతో పాటు దూకి రెక్కల బ్యాడ్జి సంపాదించుకున్నారు. దీన్ని సాహసగాథగా చెప్పేవాళ్లున్నారు. నేనైతే వృత్తి బాధ్యతగానే చూస్తాను. రేపు ఎవరిని ఏ పని చేయమని ఆజ్ఞాపించాలో, ఆ పని ఎంత కష్టమో ముందు తన ఒంటికి తెలియాలన్నది ఆయన లెక్క.

కొద్ది నెలలకే గోవా. గోవాను పోర్చుగీసు పాలన నుంచి విడిపించడానికి 1961 డిసెంబర్‌లో జరిగిన ఆపరేషన్ విజయ్‌లో ప్రధాన దాడి తూర్పు నుంచి మేజర్ జనరల్ కాండెత్ నడిపిన 17వ డివిజన్‌ది. ఉత్తరం నుంచి వచ్చే 50వ పారాచూట్ బ్రిగేడ్‌ది సహాయక పాత్ర మాత్రమే. పోర్చుగీసువారు దారిలో వంతెనలు కూల్చేశారు. సగత్ సింగ్ దళాలు వాగులు, నదులు దాటుకుంటూ ఆగకుండా నడిచాయి. డిసెంబర్ 18 సాయంత్రానికల్లా ముందు దళం మాండవి నది ఒడ్డున బేతిం చేరింది. ఎదురుగా కనిపించేది పంజిం నగరమే. రాత్రి జనావాసాల్లోకి చొరబడకుండా ఆగి, 19 ఉదయం నది దాటి నగరంలోకి ప్రవేశించారు. ఆ సాయంత్రం పోర్చుగీసు గవర్నర్ జనరల్ లొంగిపోయాడు. సహాయక దళం రాజధానిని పట్టింది.

గోవాలో ప్రతిఘటన పెద్దగా లేదు, అందులో గొప్ప ఏముంది అని కొందరు అడుగుతారు. ఆ మాటలో కొంత నిజముంది. అందుకే దీన్ని పెద్ద యుద్ధంగా చెప్పను. కానీ ఒక విషయం గమనించండి. "నీది సహాయక పాత్ర" అన్న మాటను ఆయన తన వేగానికి హద్దుగా తీసుకోలేదు. మొత్తం సైనిక చర్య ఉద్దేశం గోవా త్వరగా చేతికి రావడం. ఆ ఉద్దేశానికి ఏది ఉపయోగపడుతుందో అది చేశారు.

అసలు పరీక్ష సిక్కింలో వచ్చింది. 1965లో మేజర్ జనరల్‌గా 17వ మౌంటెన్ డివిజన్ బాధ్యత తీసుకున్నారు. సిక్కిం అప్పటికి భారత రాష్ట్రం కాదు, మన రక్షణలో ఉన్న రాజ్యం. ఆ సెప్టెంబర్‌లో మనం పాకిస్తాన్‌తో యుద్ధంలో ఉండగా, సరిహద్దులోని స్థావరాలు ఖాళీ చేయాలని చైనా తుది హెచ్చరిక పంపింది. ఆయన పైనున్న 33వ కోర్ (కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) ముందే వేసిన ప్రణాళిక ప్రకారం, యుద్ధం వస్తే కనుమల మీది కాపలా దళాలు వెనక్కి తగ్గి ప్రధాన రక్షణ పంక్తుల్లో నిలబడాలి. పక్క డివిజన్ ఆ ప్రకారమే జెలెప్ లా నుంచి దిగివచ్చింది. చైనావాళ్లు వెంటనే ఆ కనుమను ఆక్రమించుకున్నారు. సగత్ సింగ్ మాత్రం నాథూ లా విడిచి రానన్నారు.

ఆయన వాదన భావోద్వేగంతో చేసింది కాదు. నాథూ లా 14,000 అడుగులకు పైన ఉన్న కనుమ. వాన పడితే ఇటు నీళ్లు సిక్కిం వైపు, అటు నీళ్లు టిబెట్‌లోని చుంబీ లోయ వైపు పారే శిఖర రేఖ మీద ఉంది. ఆ రేఖే సరిహద్దు. అక్కడి నుంచి అవతలివాళ్ల కదలికలు కళ్లకు కడతాయి. ఆ ఎత్తు వదిలేస్తే మన కదలికలన్నీ వాళ్లకు కనిపిస్తాయి, కింద ఎంత పటిష్ఠంగా కందకాలు తవ్వుకున్నా. మ్యాప్ మీద గీసిన ప్రణాళికకు, ఆ గాలిలో నిలబడి చూసిన మనిషి నిర్ణయానికి ఉన్న తేడా ఇదే. నాథూ లా ఈ రోజు మన చేతిలో ఉంది. జెలెప్ లా విషయంలో ఆ పట్టు మళ్లీ దొరకలేదు.

1967 నాటికి అక్కడ తోపులాటలు, లౌడ్ స్పీకర్లలో హెచ్చరికలు నిత్యకృత్యమయ్యాయి. రెండు వైపుల జవాన్ల మధ్య దూరం అడుగుల్లో కొలిచేంత. గొడవలు ఆగాలంటే హద్దు కంటికి కనబడాలని, శిఖర రేఖ వెంట ముళ్లతీగల కంచె వేయాలని నిర్ణయించారు. సెప్టెంబర్ 11 తెల్లవారుజామున ఇంజినీర్లు, జవాన్లు పని మొదలుపెట్టారు. చైనా రాజకీయ కమిసార్, అంటే సైన్యంలో పార్టీ ప్రతినిధి, వచ్చి పని ఆపమన్నాడు. 2 గ్రెనేడియర్స్ కమాండింగ్ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ రాయ్ సింగ్ ఆపేది లేదన్నారు. చైనా సైనికులు తమ బంకర్లలోకి వెళ్లారు. కాసేపట్లో మెషిన్ గన్లు పేలాయి. మనవాళ్లు బయట, చేతుల్లో తీగలూ గునపాలూ పట్టుకుని ఉన్నారు. దాక్కోవడానికి చాటు లేదు. మొదటి నిమిషాల్లోనే చాలామంది నేలకొరిగారు. రాయ్ సింగ్ తీవ్రంగా గాయపడ్డారు. ఆ మెషిన్ గన్ను నోరు మూయించడానికి దూసుకెళ్లిన కెప్టెన్ డాగర్, మేజర్ హర్భజన్ సింగ్ ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడ ఒక డివిజన్ కమాండర్ ఏం చేయాలి? తుపాకులకు తుపాకులతో బదులివ్వవచ్చు. కానీ బంకర్లలో ఉన్నవాళ్ల మీద అది పనిచేయదు. ఫిరంగులు పేల్చితే అది సరిహద్దు ఘర్షణ స్థాయి దాటుతుంది, దానికి అనుమతి చాలా పైనుంచి రావాలి. ఐదేళ్ల కిందటే 1962 జరిగింది. చైనా పేరు వింటేనే మన పై అధికార వర్గాల్లో సంకోచం. ఆ అనుమతి కోసం ఎదురుచూడకుండా సగత్ సింగ్ ఫిరంగి దళానికి ఆజ్ఞ ఇచ్చారని ఆయన గురించి రాసినవారు చెబుతారు. పక్కనున్న ఎత్తైన శిఖరాల మీద మన పరిశీలకులు ఉండటంతో గుండ్లు గురి తప్పలేదు. చైనావైపు పరిశీలకులకు అలాంటి చూపు లేదు. ఆ పోరు సెప్టెంబర్ 14 దాకా సాగి ఆగింది. అక్టోబర్ 1న దగ్గరలోని చో లా వద్ద మళ్లీ ఘర్షణ జరిగింది, అక్కడా చైనాకు ఎదురుదెబ్బే తగిలింది. రెండు ఘర్షణల్లో కలిపి మనవాళ్లు 88 మంది ప్రాణాలు కోల్పోయారు. చైనా మృతులు దాదాపు 340 అని మన అంచనా.

1965లో కనుమ విడిచిపెట్టి ఉంటే 1967లో ఆ ఫిరంగుల గురికి అవసరమైన ఎత్తు మనకు ఉండేది కాదు. రెండేళ్ల ముందు తీసుకున్న నిర్ణయమే నాలుగు రోజుల పోరును గెలిపించింది. యుద్ధ కథల్లో మనం ఫిరంగి మోతనే గుర్తుపెట్టుకుంటాం. నేను తరగతిలో ఎక్కువ సమయం 1965 మీదే గడిపేవాణ్ని.

అయితే 88 అన్న అంకెను తేలిగ్గా తీసుకోవద్దు. కంచె వేసే జవాన్లను అలా బహిరంగంగా ఉంచడం, కాల్పులు మొదలైతే రక్షణ ఎలా అన్నది ముందే బలంగా ఏర్పాటు చేయకపోవడం మీద విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే. తరువాత ఆయన షిల్లాంగ్‌లో 101 కమ్యూనికేషన్ జోన్ బాధ్యతల్లో ఉన్నప్పుడు మిజో కొండల్లో తిరుగుబాటు అణచివేత కూడా ఆయన పరిధిలోకే వచ్చింది. ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్కన గుంపులుగా కూర్చే విధానం ఆయన రాకముందే మొదలైంది, ఆయన కాలంలోనూ సాగింది. మిజో ప్రజలకు అది మానని గాయం. ఆయన జీవితం చదివేటప్పుడు ఈ పేజీలను తిప్పేయకూడదు. అదే కాలంలో దారులు లేని కొండల్లో హెలికాప్టర్లతో దళాలను ఎలా కదపవచ్చో ఆయనకు బాగా తెలిసివచ్చింది. అది 1971లో అక్కరకు వచ్చింది.

1970 చివర్లో ఆయనకు తేజ్‌పూర్‌లోని నాలుగో కోర్ ఇచ్చారు. 1962లో కుప్పకూలి దేశం తలదించుకునేలా చేసిన కోర్ అది. పేరు అదే, ఊరు అదే. బంగ్లాదేశ్ ఏర్పాటుకు దారితీసిన 1971 పాకిస్తాన్ యుద్ధానికి ఆ కోర్ త్రిపుర వైపు కదిలింది. దాని కింద మూడు మౌంటెన్ డివిజన్లు: ఎనిమిదోది మేజర్ జనరల్ కె.వి. కృష్ణారావుది, ఇరవై మూడోది మేజర్ జనరల్ హీరాది, యాభై ఏడోది మేజర్ జనరల్ గోన్సాల్వెస్‌ది. ఈ కృష్ణారావు మన విజయవాడలో పుట్టిన కొటికలపూడి వెంకట కృష్ణారావే. మహర్ రెజిమెంట్ నుంచి వచ్చి, 1981లో సైన్యాధిపతి అయ్యారు. ఆ తరువాత జమ్మూ కశ్మీర్ గవర్నర్‌గా కూడా పనిచేశారు. తెలుగువాళ్లలో చాలామందికి ఆయన పదవులు తెలుసు గానీ 1971లో సిల్హెట్ రంగం ఆయనదేనని తెలియదు.

తూర్పు కమాండ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం నాలుగో కోర్ పని మేఘ్న నదికి తూర్పున ఉన్న ప్రాంతాన్ని గెలవడం, ఒడ్డు దాకా చేరడం. తూర్పు పాకిస్తాన్ రాజధాని ఢాకా పేరు ఆ పనిలో లేదు. మేఘ్న అంటే మనం గోదావరిని రాజమహేంద్రవరం దగ్గర చూసినట్టు ఊహించుకోండి. దాని మీద అశూగంజ్, భైరబ్ బజార్ల మధ్య ఒకే ఒక్క పెద్ద రైలు వంతెన. దాన్ని కూల్చేస్తే భారత సైన్యం ఇటువైపే నిలిచిపోతుందని పాకిస్తాన్ లెక్క. నది అవతల ఢాకా నేరుగా చూస్తే దగ్గరే.

యుద్ధం మొదలుకాగానే అఖౌరా దగ్గర గట్టి పోరు జరిగింది. అక్కడి గంగాసాగర్‌లోనే లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందారు. అఖౌరా పడిపోయాక 57వ డివిజన్ దక్షిణంగా దావూద్‌కందీ వైపు తిరగాలన్నది ముందు అనుకున్న దారి. సగత్ సింగ్ దాన్ని బ్రాహ్మణ్‌బరియా మీదుగా అశూగంజ్‌కు మళ్లించారు. శత్రువు బలం ఎటు సడలుతోందో, ఢాకాకు దగ్గరి దారి ఏదో చూసి చేసిన మార్పు అది. మైనామతి కంటోన్మెంట్ లాంటి గట్టి స్థావరాలను ఢీకొనకుండా చుట్టుముట్టి వదిలేశారు.

అదే సమయంలో ఉత్తరాన సిల్హెట్‌లో ఒక ప్రయోగం జరిగింది. డిసెంబర్ 7న కృష్ణారావు డివిజన్‌కు చెందిన 4/5 గూర్ఖా రైఫిల్స్‌ను (ఐదో గూర్ఖా రెజిమెంట్‌లోని నాలుగో బెటాలియన్) హెలికాప్టర్లలో తీసుకెళ్లి సిల్హెట్ శివార్లలో దించారు. భారత సైన్యం అలా హెలికాప్టర్ల మీద దాడికి దిగడం అదే మొదటిసారి. త్వరలో కలుస్తామన్న మిగతా దళాలు రావడానికి రోజులు పట్టింది. ఆ ఒక్క బెటాలియన్ దిగింది ఒక బ్రిగేడ్ అని పాకిస్తానీ కమాండర్లు అనుకున్నారు. వాళ్ల బ్రిగేడ్లు ఆ పట్టణంలోనే చిక్కుబడి, ఢాకా దారికి గానీ మేఘ్న ఒడ్డుకు గానీ రాలేకపోయాయి. గూర్ఖాలు తిండి, మందుగుండు కొరతతో రోజుల తరబడి ఆ పట్టు నిలుపుకున్నారు. దీనికి వాళ్లు చెల్లించిన మూల్యం పెద్దది. కలుసుకోవడానికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేశారన్నది కూడా నిజం.

డిసెంబర్ 9న అశూగంజ్ దగ్గర పాకిస్తాన్ వంతెనను పేల్చేసింది. ఇక్కడ ఆగండి. మీరు కోర్ కమాండర్. అప్పగించిన పని పూర్తయింది, నది ఒడ్డుకు చేరారు. వంతెన లేదు. బరువైన వంతెన సామగ్రి మీ దగ్గరకు రాదు. అవతల భైరబ్ బజార్‌లో పాకిస్తాన్ 14వ డివిజన్ మీ కోసం కాచుకుని ఉంది. ఇక్కడ ఆగిపోయినా మీకు మెచ్చుకోలే వస్తుంది, తప్పుపట్టేవాడుండడు.

సగత్ సింగ్ ఆగలేదు. ఈ ఆలోచన ఆ క్షణంలో పుట్టింది కూడా కాదు. జోర్హాట్ వైమానిక స్థావరం అధిపతి గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్‌తో ముందు నుంచీ చర్చిస్తూ వచ్చారు. చేతిలో ఉన్నవి డజనుకు కాస్త మించిన ఎంఐ-4 హెలికాప్టర్లు. అవి పాతవి, ఒక్కోదానిలో ఎక్కేది కొద్దిమందే. దిగే చోటు ఎంచుకోవడానికి ఆయన స్వయంగా హెలికాప్టర్‌లో నది మీద తిరిగారు. కింది నుంచి కాల్పులు జరిగి పైలట్ గాయపడ్డాడు, సగత్ సింగ్ గీరుకుపోయిన గాయంతో బయటపడ్డారు. యాభై దాటిన లెఫ్టినెంట్ జనరల్ అలా వెళ్లవలసిన అవసరముందా అని నన్ను చాలామంది అడిగారు. ఉందనే చెబుతాను. వందలమందిని శత్రువు వెనుక దించబోతున్న వ్యక్తి ఆ నేలను ఇంకొకరి కళ్లతో చూసి నిర్ణయించకూడదు.

ఆ రాత్రి నుంచే 4 గార్డ్స్ జవాన్లను నది దాటించి రాయ్‌పురాలో దించడం మొదలైంది. భైరబ్ బజార్‌కు దక్షిణాన, శత్రువు కాచుకోని చోట. టార్చిలైట్ల వెలుగు ఆధారంగా పైలట్లు దించారు, వెంటనే తిరిగి వెళ్లి మరో విడత మోసుకొచ్చారు. ఒకటిన్నర రోజుల్లో నూటికి పైగా విడతలు తిరిగారు. ఆ తరువాత ఇంకా ముందుకు, నర్సింగ్దిలో దించారు. ఉభయచర పీటీ-76 ట్యాంకులు నదిలో ఈదాయి. స్థానిక బెంగాలీలు తమ నాటుపడవల్లో జవాన్లను, మందుగుండును దాటించారు, పెట్టెలు భుజాన వేసుకుని మోశారు. ఈ భాగాన్ని మన పాఠాల్లో తక్కువ చెబుతారు. ఆ జనం లేకపోతే హెలికాప్టర్లు ఎంత తిరిగినా అవతలి ఒడ్డున నిలబడ్డ దళం చేతికి తిండి, తూటాలు సకాలంలో అందేవి కావు. భైరబ్ బజార్‌లోని పాకిస్తాన్ డివిజన్ మాత్రం తన స్థావరంలోనే ఉండిపోయింది. దాన్ని గెలవాల్సిన అవసరమే రాలేదు.

ఢాకా పతనానికి కారణం ఇదొక్కటే అంటే నేను ఒప్పుకోను. ఉత్తరం నుంచి జమాల్‌పూర్, టంగైల్ మీదుగా వచ్చిన దళాలున్నాయి. టంగైల్‌లో దిగిన 2 పారా, గోవాలో సగత్ సింగ్ బ్రిగేడ్‌లో ఉన్న బెటాలియనే, డిసెంబర్ 16న ఢాకాలోకి ముందుగా అడుగుపెట్టింది. వైమానిక దాడులున్నాయి. బంగ్లాదేశ్ విమోచన యోధుల దళమైన ముక్తి బాహిని నెలల తరబడి చేసిన పోరాటముంది. అయినా, దాటలేరనుకున్న నది దాటి తూర్పు నుంచి దళాలు వస్తున్నాయన్న వార్త తూర్పు పాకిస్తాన్‌లోని పాక్ సేనాని జనరల్ నియాజీ లెక్కలను తారుమారు చేసింది. రమ్నా రేస్‌కోర్స్ మైదానంలో లొంగుబాటు సంతకాల ఫోటోలో, కుర్చీల వెనుక నిలబడ్డవారిలో సగత్ సింగ్ కూడా ఉన్నారు.

ఇప్పుడు మీ "ఎందుకు" అన్న ప్రశ్నకు వస్తాను. ఈ కథ విన్న యువకులు చాలామంది పొరపాటు పాఠం నేర్చుకుంటారు: ధైర్యంగా పైవాళ్ల మాట కాదనాలని. సగత్ సింగ్ చేసింది అది కాదు. ఆదేశం పొందాక "వాళ్లు అసలు ఏం సాధించాలనుకుంటున్నారు" అన్న ప్రశ్న వేసుకునేవారు. ఆ ఉద్దేశానికి ఆదేశంలోని మాటలు సరిపోని చోట మాత్రమే వాటిని దాటారు. అదీ నేలను తాను చూశాకే. పైగా తన కింది కమాండర్లకు అదే స్వేచ్ఛ ఇచ్చారు. లక్ష్యాన్ని ఎలా పట్టుకోవాలో 57వ డివిజన్ కమాండర్ గోన్సాల్వెస్‌కు గీతలు గీసి ఇవ్వలేదు. నేలను చూడకుండా, బాధ్యత నెత్తిన వేసుకోకుండా ఆదేశం దాటేవాడు క్రమశిక్షణ లేని అధికారి. అలాంటివాళ్ల వల్ల జవాన్లు చనిపోతారు.

ఇలాంటి మనిషికి వ్యవస్థ ఏమిచ్చింది అని కూడా మీరు తప్పక అడుగుతారు. పరమ విశిష్ట సేవా పతకం, పద్మభూషణ్ ఇచ్చారు. యుద్ధ ధైర్యానికి ఇచ్చే పతకం ఒక్కటీ రాలేదు. ఆర్మీ కమాండర్ పదవీ రాలేదు. 1965లో నాథూ లా ఖాళీ చేయాలన్న ప్రణాళిక కాలంలో 33వ కోర్ అధిపతిగా ఉన్న బేవూర్ 1973లో సైన్యాధిపతి అయ్యారు. సగత్ సింగ్ 1976లో లెఫ్టినెంట్ జనరల్‌గానే పదవీ విరమణ చేసి 2001లో కన్నుమూశారు. ఇది నాకు ఇప్పటికీ మనసులో ముల్లే. శాంతికాలంలో పై అధికారికి సౌకర్యంగా ఉండే లక్షణాలు వేరు, యుద్ధంలో పనికొచ్చే లక్షణాలు వేరు. ఈ రెంటినీ ఒకే తూకంతో తూచే పద్ధతి మనం ఇంకా మార్చుకోవాలి. అయితే కృష్ణారావు జీవితాన్ని సగత్ సింగ్ జీవితంతో పోల్చి చూడండి. నిదానంగా, లెక్కప్రకారం నడిచిన ఆయన 1975లో సైన్యం ఆధునికీకరణ కోసం ఏర్పాటైన నిపుణుల కమిటీకి నాయకత్వం వహించారు. సాయుధ వాహనాల్లో కదిలే మన యాంత్రిక పదాతి దళం రూపు దిద్దుకోవడం వెనుక ఆ కమిటీ పనీ ఉంది. ఒకే కోర్‌లో ఈ ఇద్దరు వేర్వేరు స్వభావాలవాళ్లు కలిసి పనిచేయడం కూడా ఆ గెలుపులో భాగమే.

మీరు చదవడం మొదలుపెట్టేముందు ఒక పని చేయండి. తూర్పు బెంగాల్ మ్యాప్ తీసుకుని అఖౌరా, బ్రాహ్మణ్‌బరియా, అశూగంజ్, భైరబ్ బజార్, రాయ్‌పురా, నర్సింగ్ది, ఢాకా గుర్తించండి. మేఘ్నను నీలి పెన్సిల్‌తో దిద్దండి. డిసెంబర్ 9 సాయంత్రం, వంతెన కూలిందని తెలిసిన వెంటనే నాలుగో కోర్ తరఫున మీరైతే ఏ ఆజ్ఞ రాస్తారో ఒక పేజీలో రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేనితో దాటాలి, తూటాలు ఎలా అందాలి, గాయపడ్డవాళ్లను ఎలా వెనక్కి తేవాలి. ఆ పేజీ ఇక్కడ పెట్టండి, నేను తప్పక చదివి నా అభిప్రాయం రాస్తాను.